మూడు బకెట్లకు రెండు

బకన్ సీమలో రైతును పేరుపెట్టి పిలవరు, పొలం పేరుతో పిలుస్తారు. హెక్టర్ రిడ్డాక్ అక్కడి జమీందారు ఎస్టేటులో అన్నిటికంటే పెద్ద పొలమైన మెయిన్స్‌ను కౌలుకు చేస్తున్నాడు, అతని తండ్రీ తాతా అదే చేశారు, కాబట్టి ఊళ్ళో అందరికీ అతను మెయిన్స్. ఆ పిలుపు వినబడినప్పుడల్లా అతని వీపు కాస్త నిటారుగా అయ్యేది. మెయిన్స్ బార్లీని విస్కీకి మాల్టు చేసే మిల్లువాళ్ళు ఒక్కసారైనా వెనక్కి పంపలేదన్నది ఆ ఇంట్లో ఆస్తితో సమానమైన మాట. మనిషికి పొగరు ఉండకూడదని ఎవరూ అనరు. కాకపోతే అది పక్కింటివాళ్ళ ఖర్చుతో నడవకూడదు.

పక్కిల్లు అంటే హిల్లాక్. అక్కడ ఎఫీ క్రూక్‌షాంక్ ఒక్కతే ఉండేది. భర్త ఆండ్రూ పోయి మూడేళ్ళయింది. చిన్న పొలం, నాలుగు ఆవులు, ఒక పాత ట్రాక్టరు. హిల్లాక్ బార్లీని హెక్టర్ కోత మిషనే కోసేది, హెక్టర్ షెడ్డులోనే అది ఆరేది. బదులుగా వసంతంలో హెక్టర్ ఆవులు ఈనే వేళకు ఎఫీ వచ్చి కూర్చునేది. అడ్డం తిరిగిన దూడను చేత్తో సరిచేసి బయటికి లాగడంలో ఆవిడను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు లెక్కలు రాసుకునే అలవాటు అక్కడ లేదు. రాస్తే తప్పు పడతారు కూడా.

ఆ ఏడు విత్తనాల వేళ, ఆదివారం మధ్యాహ్నం, హెక్టర్ తన బండిని హిల్లాక్ రాతిగోడ పక్కన ఆపాడు. ఆదివారం భోజనాలయ్యాక బండ్లు మెల్లగా తోలుకుంటూ పక్కవాళ్ళ పొలాలు చూసి వంకలు పెట్టడం అక్కడి మగవాళ్ళకు ప్రార్థన తర్వాత రెండో ధర్మం. ఎఫీ ఆండ్రూ వాడిన పాత గొర్రుతో విత్తుతోంది. ఆ గొర్రు గింజనూ ఎరువునూ ఒకే గొట్టంలోంచి ఒకే సాలులో దించుతుంది. పని నిదానం. ప్రతి రెండు సాళ్ళకీ దిగి పెట్టెలు నింపుకోవాలి. మిగతా అందరూ ముందు గింజ వేసేసి, మొలక వచ్చాక ఎరువును పైన చల్లే పెద్ద మిషన్లు కొనుక్కున్నారు.

"ఎఫీ, నువ్వు విత్తడం అయ్యేలోపు మా బార్లీ కోతకొచ్చేస్తుంది," అన్నాడు హెక్టర్ కిటికీ దించి.

"రానీ. ముందు నాది కోసిపెట్టు, తీరుబడిగా నీది కోసుకుందువుగాని."

"ఆ గొర్రుని మ్యూజియంలో పెట్టించనా? టిక్కెట్టు పెడితే గింజలకంటే ఎక్కువొస్తుంది."

"పెట్టించు. పక్కనే నిన్ను కూడా నిలబెడతారు," అంది ఎఫీ ఎరువు సంచి భుజాన వేసుకుంటూ.

హెక్టర్ నవ్వాడు. ఆ సాయంత్రం టీ దగ్గరా, మర్నాడు సంతలోనూ ఆ గొర్రు గురించి చెప్పి నలుగుర్ని నవ్వించాడు. ఎఫీ ఇచ్చిన జవాబు మాత్రం చెప్పలేదు.

అతను బండి కదిలించబోతుంటే ఆవిడ గోడ దాకా వచ్చి గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. ఎస్టేటు మేనేజరు లమ్స్‌డెన్ వచ్చి వెళ్ళాడట. నవంబరులో మార్టిన్మస్ పండుగ గడువుకు హిల్లాక్ కౌలు తీరిపోతుంది. ఒంటరి ఆడమనిషికి మళ్ళీ ఇవ్వాలా వద్దా అని ఎస్టేటువాళ్ళు ఆలోచిస్తున్నారు. ఈ ఏడు ఆవిడ బార్లీ పశువుల దాణా కింద కాకుండా మాల్టు మిల్లుకు వెళ్తే, పొలం చేయగలదని నమ్మి కౌలు ఇస్తారు. లేకపోతే లేదు.

"ఎలా వెళ్ళదో నేనూ చూస్తా," అన్నాడు హెక్టర్. "నా కాంట్రాక్టు కిందే నీదీ పంపుదాం. కంగారు పడకు."

ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సంగతి తర్వాత అతనికి పదేపదే గుర్తొచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త సిగ్గేసేది.

తర్వాత వాన మొహం చాటేసింది. ఏప్రిల్ ఎండింది, మే ఎండింది. సముద్రం మీంచి వచ్చే చలిగాలి పొడిగా వీచి నేలపై పొరను పిండి చేసేసింది. మే మొదట్లో రేడియో గట్టిగా వాన చెప్పింది. హెక్టర్ దాన్ని నమ్మి ఎరువంతా ఒక్క రోజులో మొలకల మీద చల్లించాడు. రేడియో చెప్పిన మాట మేఘం వినలేదు. ఎరువు పలుకులు తెల్లగా, కరగకుండా, నేలమీద వారాల తరబడి అలాగే పడున్నాయి. కింద బార్లీ ఆకలితో పసుపెక్కింది, పిలకలు వేయడం మానేసింది. హెక్టర్ రోజూ గట్టుమీద నిలబడి ఆ తెల్లటి పలుకుల్ని చూసేవాడు. అవి ఆ ఏటి ఎరువు బిల్లు. ఆ బిల్లు ఇంకా కట్టలేదు. కోత మిషను వాయిదా ఉంది, కౌలు ఉంది, డీజిలు ఉంది.

గోడ అవతల హిల్లాక్ బార్లీ పొట్టిగానే ఉంది కానీ పచ్చగా ఉంది. గింజతోపాటు కిందికి, తడి ఉన్న చోటికి దిగిన ఎరువు మొదట్లోనే దాని కడుపు నింపింది. ఆదివారాలు బండ్లు ఆ గోడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగసాగాయి. హెక్టర్ ఆ దారిన వెళ్ళడం మానేశాడు.

జూన్ ఆఖర్న వాన కురిసింది. మెయిన్స్ పొలం వారంలో నల్లపచ్చగా తేరుకుంది. కొత్త పిలకలు కూడా లేచాయి. దారినపోయేవాళ్ళు బాగుందన్నారు. హెక్టర్ అవునన్నాడు గానీ లోపల గుండె జారింది. ఆలస్యంగా తిన్న ఎరువు గడ్డికి పోదు, గింజకు పోతుంది. గింజలో నత్రజని పెరిగితే పశువులకు మంచిదే, విస్కీకి పనికిరాదు. మిల్లువాళ్ళ గీత నూటికి ఒకటి పాయింటు ఆరు ఐదు. దానికి ఒక్క చుక్క పైన ఉన్నా లారీని గేటులోంచే తిప్పి పంపేస్తారు. తిరిగొచ్చే లారీ ఊరి నడిమధ్యగా రావాలి. దానిమీద పట్టా కప్పే ఉంటుంది, ఖాళీ లారీ కాదని ఎంత చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది.

ఆగస్టులో రెండు పొలాలూ కోశారు. మామూలు దిగుబడిలో మూడో వంతు తగ్గింది. గడ్డికి మాత్రం ఎన్నడూ లేని ధర పలికింది, కరువులో ఆవులున్నవాళ్ళు కళ్ళు మూసుకుని కొన్నారు. ఆ గడ్డి డబ్బుతో హెక్టర్ కౌలు మాత్రం గట్టెక్కింది. మిగతాదంతా గింజ మీదే ఆధారపడి ఉంది. షెడ్డులో రెండు కుప్పలు పోశారు, ఒక పక్క మెయిన్స్‌ది పెద్దది, ఇంకో పక్క హిల్లాక్‌ది చిన్నది. రెండింటి నమూనాలూ హెక్టరే సంచుల్లో కట్టి మిల్లు ఏజెంటుకు ఇచ్చాడు.

ఫోను వచ్చినప్పుడు షెడ్డులో అతనొక్కడే ఉన్నాడు.

"మెయిన్స్, మీది బాగాలేదండీ. ఒకటి పాయింటు ఎనిమిది ఎనిమిది. గేటు కూడా దాటనివ్వరు. హిల్లాక్ ఆవిడది మాత్రం ఒకటి పాయింటు నాలుగు ఆరు. ఈ ఏడు మన సీమలో ఇంత మంచి బార్లీ నేనింకా చూళ్ళేదు. ఆవిడకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేను చెబుతాలే," అన్నాడు హెక్టర్.

ఫోను జేబులో పెట్టుకుని కుప్పల మధ్య నిలబడ్డాడు. రెండు కుప్పలూ ఒకే రంగులో ఉన్నాయి. ఎవరిది ఏదో చెప్పేది వాటిమధ్య ఉన్న చెక్క గోడ ఒక్కటే.

రెండు రకాలు కలిపి పంపడం నేరం కాదు. మిల్లుకు కావలసింది సగటు. అన్నదమ్ములు కలుపుతారు, పాలివాళ్ళు కలుపుతారు, ఇరుగుపొరుగు కూడా ఒకరినొకరు అడిగి కలుపుతారు. ఒక్క ఫోను చేసి, "ఎఫీ, నాది చెడింది, నీది కలుపుకోనా?" అంటే సరిపోయేది. ఆ మాటే అతని గొంతు దాటలేదు. ఏ గొర్రుని చూపించి సీమంతా నవ్వించాడో, ఆ గొర్రు విత్తిన గింజను చెయ్యి చాచి అడగాలి. హెక్టర్ అట్ట ముక్క మీద లెక్క వేశాడు. ఆవిడవి మూడు బకెట్లకు తనవి రెండు కలిపితే గీత కిందికి వస్తుంది. ఆవిడ గింజ మొత్తం వెళ్తుంది, తనదాంట్లో మూడో వంతు వెళ్తుంది, మిగిలింది ఎవరికీ తెలియకుండా కొండ అవతలి పందుల ఫారానికి దాణా కింద అమ్మేయొచ్చు. ఎఫీకి మాల్టు ధర పూర్తిగా వస్తుంది. ఆవిడకి నష్టమేముంది? లారీ బాడుగ కూడా తనే పెట్టుకుంటాడు. బాడుగ సంగతి తట్టగానే అతనికి తాను మంచివాడిననే అనిపించింది. లోడరు ఎక్కి బకెట్లు ఎత్తడం మొదలుపెట్టాడు. మూడు అటునుంచి, రెండు ఇటునుంచి.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. డ్రైవరు డగ్గీ పట్టా కడుతున్నాడు. అవతలి పొలం ఫ్రేజర్ ఏదో నట్టు కావాలని వచ్చి, నట్టు దొరికాక కూడా కదలకుండా గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడే ఎఫీ కారు దిగింది. ఆవిడ మొహం చూస్తే రాత్రి కన్ను మూతపడనట్టుంది.

"హెక్టర్, నాది పనికిరాలేదు కదా?" అంది నేరుగా. "చెప్పు, ఫరవాలేదు. ఫోను వస్తుందేమోనని రెండ్రోజులుగా వంటిల్లు కదల్లేదు."

హెక్టర్ నోరు తెరిచాడు. డగ్గీ తాడు పట్టుకుని ఆగాడు. ఫ్రేజర్ మెడ ముందుకు చాచాడు. 'నీది బంగారం, నాదే చెడింది' అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"పనికిరాకపోవడమేం లేదు," అన్నాడు హెక్టర్. "నత్రజని కాస్త ఎక్కువొచ్చింది. నాదాంట్లో కలిపి పంపుతున్నా. గట్టెక్కుతుందిలే."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అతనికే తెలియలేదు. ఎఫీ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

"చూశావా ఎఫీ, ఆ తుప్పు గొర్రు పారెయ్యమంటే విన్నావా?" అన్నాడు ఫ్రేజర్. "మెయిన్స్ లేకపోతే ఈ ఏడు నీ బార్లీ పందులు తినేవి."

డగ్గీ నవ్వాడు. ఎఫీ కూడా సిగ్గుపడుతూ నవ్వింది. హెక్టర్ వాళ్ళతో కలిసి నవ్వాడు. అబద్ధం కంటే ఆ నవ్వే తర్వాత అతన్ని ఎక్కువగా తిన్నది.

లోడు పాసైంది. మెయిన్స్ పేరుమీద, ఒకటి పాయింటు ఆరు రెండు. ఆ కరువేడు ఎస్టేటులో మిల్లు గేటు దాటింది ఆ ఒక్క పేరే.

ఎఫీ ఒక పెద్ద పుడ్డింగు చేసి తెచ్చింది, ఎండుద్రాక్షా బెల్లం పాకం కలిపి, గుడ్డలో మూటగట్టి, పొద్దుట్నుంచి ఉడికించింది. కొత్త సంవత్సరానికో పుట్టినరోజుకో తప్ప అక్కడ ఎవరూ అంత శ్రమ పెట్టుకోరు. తువ్వాల్లో చుట్టి వేడివేడిగా బల్లమీద పెట్టి, తనే కోసి, పెద్ద ముక్క హెక్టర్ ముందుకు తోసింది.

"తిను. ఆండ్రూ ఉన్నప్పుడు ఎవరిమీదా ఆధారపడొద్దనేవాడు. నీలాంటి పొరుగు ఉంటే ఆధారపడితే తప్పేంటి అనిపించింది నాకు."

హెక్టర్ తిన్నాడు. ప్రతి ముద్దనూ టీతో దించాడు. అతని భార్య షీనా బల్లకు అవతల కూర్చుని, తన ముక్క ముట్టుకోకుండా, మొగుడి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

అక్టోబరులో లమ్స్‌డెన్ మెయిన్స్ వాకిట్లో కారు ఆపాడు. మాటతీరు మంచిది, బూట్లకు ఎప్పుడూ మట్టి అంటదు.

"రిడ్డాక్ గారూ, మీకో శుభవార్త," అన్నాడు. "మార్టిన్మస్ నుంచి హిల్లాక్ భూమి కూడా మీరే తీసుకోండి. ఇలాంటి ఏడు కూడా మాల్టు పండించిన చెయ్యి మీది. ఎస్టేటువాళ్ళకి ఇంకో ఆలోచన లేదు."

"ఎఫీ బార్లీ కూడా మిల్లుకెళ్ళింది కదండీ," అన్నాడు హెక్టర్.

"వెళ్ళింది. ఆవిడకి మాల్టు ధర వచ్చిన కాగితం చూసి కౌలు ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆవిడే ఆపింది. 'అబద్ధం చెప్పి కౌలు తీసుకోనండీ, నాది పాసవలేదు, మెయిన్స్ తనదాంట్లో కలిపి గట్టెక్కించాడు' అని చెప్పింది. నిజాయితీ గల మనిషి. చాలా బాధేసింది. కానీ ఏం చేస్తాం, నిజాయితీ పొలం దున్నదు కదా."

తలకొట్టేసినట్టయింది హెక్టర్‌కి. ఎదురుగా ఉన్నవాడు తనను మెచ్చుకుంటున్నాడు. ఆ మెప్పు మొహాన ఉమ్మినట్టుగా ఉంది. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. చెప్పలేదు.

"ఆలోచిస్తానండీ," అన్నాడు.

ఆ సాయంత్రం షీనా గిన్నెలు తుడుస్తూ అడిగింది, "ఏమన్నావు అతనితో?"

"ఆలోచిస్తానన్నా."

"ఏం ఆలోచిస్తావు? ఎవరి గింజతో ఆ భూమి మనకొస్తుందో ఆలోచిస్తావా?" ఆమె వెనక్కి తిరగలేదు. "నువ్వు లోడరు తిప్పుతున్న రోజు కిటికీలోంచి చూశాను. ఎఫీనడిగే కలుపుతున్నావనుకున్నా. ఆవిడ పుడ్డింగు తెచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు. అప్పట్నుంచి నువ్వు నోరు తెరుస్తావని ఎదురు చూస్తున్నా. మన పెళ్ళయ్యాక నిన్ను చూసి నేను సిగ్గుపడ్డం ఇదే మొదలు."

హెక్టర్ టోపీ తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఆ వారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఎఫీ కారు కనిపిస్తే షెడ్డులోకి తప్పుకునేవాడు. ఎవరైనా "శభాష్ మెయిన్స్" అంటే ఏదో పని గుర్తొచ్చినట్టు కదిలిపోయేవాడు. రోజూ పొద్దున రేపు చెబుదామనుకునేవాడు. కౌలు ఒప్పుకోనంటే సరిపోతుందేమో, ఎఫీకే మళ్ళీ ఇస్తారేమో, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదేమో అని కూడా ఆశపడ్డాడు. తను వద్దంటే లమ్స్‌డెన్ ఆ భూమిని ఫ్రేజర్‌కిస్తాడని అతనికి తెలుసు. తెలిసీ ఆశపడ్డాడు.

శుక్రవారం పశువుల సంత. గుండ్రటి కంచె చుట్టూ మెట్లమీద సీమలోని రైతులంతా కూర్చుని ఉన్నారు. హెక్టర్ కోడెదూడలు కొందామని వెళ్ళాడు. తలుపు తెరుచుకుని రంగంలోకి నాలుగు ఆవులు వచ్చాయి. వాటి వెనక కర్ర పట్టుకుని ఎఫీ వచ్చింది. చర్చికి వేసుకెళ్ళే కోటు వేసుకుంది.

"హిల్లాక్ ఆవులు," అన్నాడు వేలంపాటవాడు. "పొలం ఖాళీ చేస్తున్నారు. చేత్తో పాలు పట్టి పెంచినవి, పిల్లి కంటే సాధువులు. ఎంతకి మొదలుపెడదాం?"

ఎవరూ ముందుగా చెయ్యి ఎత్తలేదు. పొలం పోగొట్టుకున్న మనిషి పశువులకు మొదటి పాట పాడాలంటే అందరికీ కష్టమే. హెక్టర్ ముందు వరుసలో ఉన్నాడు. ఎఫీ అతన్ని చూసి చిన్నగా నవ్వింది. కనీసం నువ్వైనా కొను, వీటిని బాగా చూసుకుంటావు అన్నట్టుంది ఆ నవ్వు. అతనికి ఇంక కూర్చోవడం సాధ్యం కాలేదు.

లేచి కంచె పట్టుకున్నాడు.

"అమ్మొద్దు, ఎఫీ," అన్నాడు. "వాటిని ఇంటికి తోలుకుపో."

వేలంపాటవాడు సుత్తి దించాడు. "ఏంటి మెయిన్స్, పాట పాడతావా, పాఠం చెబుతావా?"

నలుగురు నవ్వారు. హెక్టర్ నవ్వు ఆగేదాకా ఉన్నాడు. చెవులు కాలిపోతున్నాయి, అయినా ఈసారి గొంతు దాటింది.

"నీ బార్లీ చెడలేదు, ఎఫీ. చెడింది నాది. నీది మిల్లువాళ్ళు ఈ ఏడు చూసినవాటిల్లో అన్నిటికంటే మంచిది. నీకు చెప్పకుండా నీదాంట్లో నాది కలిపాను. నువ్వడిగితే ఫ్రేజర్ ముందు తిరగేసి చెప్పాను. నిన్ను నేను గట్టెక్కించలేదు, నువ్వే నన్ను గట్టెక్కించావు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఫ్రేజర్ టోపీ సర్దుకున్నాడు. ఎఫీ ఆవు వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఎంతొచ్చింది నాకు?"

"ఒకటి పాయింటు నాలుగు ఆరు."

ఆ అంకె విలువ తెలియనివాడు ఆ కొట్టంలో ఒక్కడూ లేడు. పైవరుసలో ఎవరో ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మళ్ళీ చెప్పు," అంది ఎఫీ.

"ఒకటి పాయింటు నాలుగు ఆరు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. ఆ సంతోషం రెండు నెలల కిందటే ఆవిడకు రావాల్సింది, వాకిట్లో, ఫ్రేజర్ ముందు, ఆ పాత గొర్రు పేరుమీద. ఎఫీ హెక్టర్‌తో ఇంకో మాట అనలేదు. వేలంపాటవాడికి క్షమించమని చెప్పి, కర్రతో ఆవుల్ని మెల్లగా తట్టి, వచ్చిన తలుపులోంచే తోలుకుపోయింది.

హెక్టర్ అట్నుంచి అటే ఎస్టేటు ఆఫీసుకెళ్ళి లమ్స్‌డెన్‌కు చెప్పాడు. లమ్స్‌డెన్ మిల్లు ఏజెంటుకు ఫోను చేసి కనుక్కున్నాడు.

"ఆవేళ వాకిట్లో నేనడిగినప్పుడు ఈ మాట మీకు తెలుసు," అన్నాడు ఫోను పెట్టేసి.

"తెలుసండీ."

"సరే. మీరు వెళ్ళొచ్చు."

హిల్లాక్ కౌలు ఎఫీకి ఇచ్చారు. మెయిన్స్‌ను ఎవరూ ఏమీ చెయ్యలేదు. కౌలు పోలేదు, కాంట్రాక్టు పోలేదు. సంతలో ఎదురైతే పలకరించేవాళ్ళు. ఒకరిద్దరు మాత్రం, "ఏం మెయిన్స్, మా పాలు చిక్కగా ఉన్నాయి, నీ నీళ్ళు పోస్తావా?" అనేవాళ్ళు. అన్నవాళ్ళను అతను పెద్దగా పట్టించుకోలేదు. ఏమీ అనకుండా చూపు తిప్పుకునేవాళ్ళ దగ్గరే నిలబడలేకపోయేవాడు. వసంతంలో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే షీనాయే హిల్లాక్‌కు ఫోను చేసింది. ఎఫీ వచ్చింది, భుజందాకా చేయి పెట్టి దూడను తిప్పింది, చేతులు కడుక్కుంది, టీ తాగింది, దూడ బాగుందని చెప్పి వెళ్ళింది. హెక్టర్ క్షమించమని అడిగాడు. "అడిగావుగా, సంతలో," అంది ఆవిడ. ఇంక అతను ఆ సంగతి ఎత్తలేదు.

ఆ ఏడు వానలు సమయానికి పడ్డాయి. ఆగస్టులో హెక్టర్ మిషనే హిల్లాక్ బార్లీ కోసింది. ఆరబెట్టే మిషను ఆ చుట్టుపక్కల అతని దగ్గర ఒక్కటే ఉంది, కాబట్టి గింజ అతని షెడ్డుకే వచ్చింది. ట్రాక్టరు ట్రాలీ వెనకే ఎఫీ కారు వచ్చింది. వెనక సీటులోంచి వంటింటి కుర్చీ ఒకటి దించి, షెడ్డులోకి మోసుకొచ్చి, తన కుప్ప పక్కన వేసుకుని కూర్చుంది. సంచిలోంచి అల్లిక తీసింది. డగ్గీ చూశాడు, ట్రాక్టరు తోలే కుర్రాళ్ళు చూశారు.

హెక్టర్ తనే టీ చేసి తెచ్చాడు. ఎఫీ ఊలు పక్కన పెట్టి కప్పు అందుకుంది, అతని మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తేలికగా ఉండేది.

"ఎఫీ, ఆరడానికి సాయంత్రమవుతుంది," అన్నాడు. "దుమ్ములో ఎందుకు కూర్చుంటావు, ఇంటికెళ్ళు. అయ్యాక నేను ఫోను చేస్తా."

"పర్లేదులే హెక్టర్," అంది ఆవిడ అల్లిక మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "పోయినేడు అలాగే వెళ్ళాను."

అతను ఖాళీ కప్పు అందుకున్నాడు. తర్వాత వెళ్ళి మిషను వేశాడు, ఆవిడ చూస్తుండగా ఆవిడ గింజ ఆరబెట్టాడు.